గోడ అవతలి సరుకు

ఆ కోడలు పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన కొత్తల్లో అత్తగారు ఆమెకు ముందు నేర్పింది వంట కాదు, రబ్బరు. ఫ్రిజ్ తలుపుకి లోపలివైపు చుట్టూ మెత్తటి అంచు ఉంటుందే, తలుపు వేయగానే గబుక్కున అతుక్కునేది, అదే వాళ్ళ వ్యాపారం. మామగారు పెట్టిన చిన్న కార్ఖానా. ఆయన పోయాక అత్తగారు నడిపారు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఆవిడ యంత్రాల పని కోడలికి అప్పగించి, తాను గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడే పని పెట్టుకున్నారు. కొడుకు వ్యాన్ నడుపుతాడు. ఎవరికి చేతనైన పని వాళ్ళు చేసుకుంటున్నారు గనక ఇంట్లో పెద్దగా గొడవలుండేవి కావు.

కొనేవాళ్ళు ఒక్కరే, ఊరి చివరి ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ. నెలకోసారి ఆర్డరు వచ్చేది. కోడలు ముందు తెల్లవన్నీ తీసేది, తర్వాత బూడిదరంగువి, ఆఖరికి ఎర్రవి. ఆ వరసకి ఓ కారణం ఉంది. ఎరుపు నడిచిన యంత్రంలో తెలుపు వేస్తే, లోపల ఎంత శుభ్రం చేసినా సరే, చాలాసేపటిదాకా తెల్ల రబ్బరు మీద ఎర్ర చారలు వస్తూనే ఉంటాయి. వచ్చిందంతా చెత్తలోకే. అందుకని రంగు మార్చడమంటే ఆమెకి ఇల్లు మారినంత పని. తయారైన సరుకుని భర్త వ్యాన్‌కెత్తి ఫ్యాక్టరీ గోడౌన్‌లో దించి వచ్చేవాడు. ఆ తర్వాత దాని మంచీచెడ్డా వాళ్ళే చూసుకునేవారు. ఈ ఇంట్లోవాళ్ళు కడుపులో చల్ల కదలకుండా భోంచేసి పడుకునేవారు.

అలా ఉండగా ఫ్యాక్టరీకి కొనుగోళ్ళ ఆఫీసరు ఒకడు కొత్తగా వచ్చాడు. మనిషి నెమ్మదస్తుడే, చొక్కా మీద చిన్న మరక కూడా ఉండేది కాదు. సరుకు ఇచ్చేవాళ్ళందరినీ పిలిచి, టీ ఇప్పించి, గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. ప్రతి బొమ్మ చివరా ఒక సున్నా ఉంది. నిల్వ సున్నా, వృథా సున్నా, ఆలస్యం సున్నా. ఇంటికి తిరిగొచ్చేలోపే అత్తగారు అతనికి సున్నాగారని పేరు పెట్టేశారు.

"నిల్వ అనేది ఒక జబ్బు" అన్నాడు సున్నాగారు. "ఇకనుంచి మా గోడౌన్‌లో ఏమీ ఉంచం. ఏది కావాలో ఆ పూటకి ఆ పూట చెబుతాం. మీరు తెచ్చిస్తారు. అది నేరుగా ఫ్రిజ్‌కి ఎక్కిపోతుంది."

అత్తగారు చెయ్యెత్తారు. "మరి ఆ సరుకు ఎక్కడుంటుంది బాబూ?"

"ఎక్కడా ఉండదమ్మా. అదే ఇందులో అందం."

"ఎక్కడో ఒకచోట ఉండకపోతే మీరు అడిగీ అడగ్గానే మేమెలా తెస్తాం?"

సున్నాగారు కాసేపు ఆలోచించాడు. "అది మీ అంతర్గత విషయం" అన్నాడు మర్యాదగా.

పక్కన హ్యాండిళ్ళు చేసే ఆయన, ఫ్రిజ్ లోపలి బల్బులు చేసే ఆయన కూర్చున్నారు. అత్తగారితో కలిపి ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. కోడలు మాత్రం తన యంత్రం గురించి ఆలోచిస్తోంది. పొద్దున తెలుపు, మధ్యాహ్నం ఎరుపు, సాయంత్రం మళ్ళీ తెలుపు అంటే ఆ యంత్రం ఏమంటుందో ఆమెకి తెలుసు.

యంత్రం ఒప్పుకోదు గనక వాళ్ళు చేయగలిగింది ఒకటే. అన్ని రంగులూ ముందే చేసి దగ్గర పెట్టుకున్నారు. ఫ్యాక్టరీ వదిలించుకున్న జబ్బు ఆ విధంగా వీళ్ళకి అంటుకుంది.

ఆ రబ్బర్లతో ఇంకో చిక్కుంది. వాటిని మడవకూడదు. ఒక్కసారి మడత పడిందంటే ఆ మడత పోదు, ఫ్రిజ్ తలుపు సరిగా పడదు. ఎండ తగలకూడదు. తలుపంత చట్రాలని తలుపంతగానే ఉంచాలి. కార్ఖానాలో చోటు అయిపోయాక వెనకనే ఉన్న ఇంట్లోకి తెచ్చారు. తెల్లవి ముందుగదిలో గోడలకి వేలాడాయి. బూడిదరంగువి పడకగదిలో మంచం కిందా బీరువా మీదా సర్దారు. ఎర్రవి తక్కువే గనక వంటింటి అటక మీద పెట్టారు. అత్తగారు తన గదిలోకి మొదట్లో తెల్లవాటిని మాత్రమే రానిచ్చారు. కొన్నాళ్ళకి ఆవిడ మంచం చుట్టూ అన్ని రంగులూ చేరాయి.

"వాసనకి అలవాటు పడిపోయాను" అనేవారు ఆవిడ. "మొన్న గుళ్ళో కూర్చుంటే ఏదో వెలితిగా ఉంది. ఏమిటా అనుకున్నా, గాలి బాగుంది."

భర్తకి ఇంటి బాధ కంటే ఫోను బాధ ఎక్కువైంది. అది మోగిన మరుక్షణం బయల్దేరాలి. ఫ్యాక్టరీలో పని ఆగితే నేరం సరుకు ఇచ్చేవాడిది. అతను స్నానానికి వెళితే ఫోను కిటికీలో పెట్టుకునేవాడు. అన్నం తింటుంటే ఎడమచేతి దగ్గర పెట్టుకునేవాడు. ఒకసారి కోడలు అతన్ని ఏదో అడిగితే "గుర్తొచ్చింది, తెల్లవి" అన్నాడు. ఆమె అడిగింది వాళ్ళ పెళ్ళిరోజు ఎప్పుడని.

చివరికి అతను ఒక ఉపాయం కనిపెట్టాడు. పొద్దున్నే అన్ని రంగులూ వ్యాన్‌లో ఎక్కించుకుని ఫ్యాక్టరీ గేటు బయట రోడ్డు మీద ఆపుకునేవాడు. ఫోను రాగానే లోపలికి వెళ్ళి ఇచ్చేసి మళ్ళీ వచ్చి నిలబడేవాడు. హ్యాండిళ్ళాయన, బల్బులాయన అదే దారి పట్టారు. గేటు బయట వ్యాన్లు వరసగా నిలబడేవి. డ్రైవర్లు ఒక వ్యాన్ వెనక నీడలో పేకాడుకునేవారు. ఫ్యాక్టరీ నిల్వ అంతా రోడ్డు మీద టైర్ల మీద నిలబడి ఉంది. లోపల మాత్రం సున్నా. సున్నాగారికి ఆ ఏడాది మెచ్చుకోళ్ళు బాగా వచ్చాయి. కొన్నాళ్ళకి వాళ్ళే గేటు బయట బోర్డు పెట్టారు, ఇక్కడ వాహనాలు నిలపరాదని.

ఆ బోర్డు పక్కనే ఇంకో బోర్డు ఉండడం కోడలే చూసింది. ఆ రోజు భర్తకి జ్వరం. ఆమె వ్యాన్ తీసుకుని వెళ్ళింది. రెండో బోర్డు మీద 'గోడౌన్ అద్దెకు ఇవ్వబడును' అని ఉంది.

వెళ్ళి చూసింది. తాళం తీసి చూపించినవాడు లోపల వెలుతురు, ఎత్తు, నేల గట్టిదనం గురించి చెబుతున్నాడు. ఆమె వినడం లేదు. గోడ వారగా ఇనుప అరలున్నాయి. మూడో వరస మీద తెల్ల పెయింటుతో 'తలుపు రబ్బర్లు' అని ఇంకా అలాగే ఉంది. దాని పక్క వరస హ్యాండిళ్ళది. ఆ పక్కది బల్బులది. అరలు మాత్రం ఖాళీగా దుమ్ము కొట్టుకుని ఉన్నాయి.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పింది.

"అంటే మన సరుకు వాళ్ళ గోడౌన్‌లోనే పెట్టుకోవడానికి మనం వాళ్ళకి అద్దె కట్టాలన్నమాట."

"అవునత్తయ్యా."

"వాళ్ళ సరుకునే."

"వాళ్ళు తీసుకునేదాకా మనదే కదా."

అత్తగారు తన మంచం చుట్టూ చూసుకున్నారు. "తీసుకో" అన్నారు.

వీళ్ళూ, హ్యాండిళ్ళాయనా, బల్బులాయనా ముగ్గురూ కలిసి అద్దెకి తీసుకున్నారు. ఎవరి అరలు ఏవో చెప్పుకోవలసిన అవసరం రాలేదు, ముందే రాసి ఉంది. ఇంట్లో గోడలు మళ్ళీ కనబడ్డాయి. భర్త మంచం మీద అడ్డంగా పడుకుని, అటూ ఇటూ ఒకసారి దొర్లి చూసుకున్నాడు.

గోడౌన్‌కీ ఫ్రిజ్‌లు బిగించే హాలుకీ మధ్య ఒక తలుపుంది. మునుపు ఆ తలుపులోంచే తోపుడుబండి మీద సరుకు అటు వెళ్ళేది. ఇప్పుడు గోడౌన్ పరాయివాళ్ళది గనక ఆ తలుపుకి తాళం వేశారు, అటు ఒకటీ ఇటు ఒకటీ. సరుకు బయటినుంచే రావాలని నియమం. అందుకని భర్త గోడౌన్‌లో సరుకు వ్యాన్‌కి ఎక్కించి, వెనక గేటులోంచి బయటికొచ్చి, ప్రహరీ చుట్టూ తిరిగి, ముందు గేటులోంచి లోపలికి వెళ్ళి, అదే గోడకి అవతలివైపు దించేవాడు. సున్నాగారు హాల్లో నిలబడి చేతిగడియారం చూసుకుని తలూపేవాడు.

"మీ అంత వేగంగా ఇంకెవరూ ఇవ్వడం లేదండీ" అన్నాడు ఒకసారి.

"దగ్గర్లోనే ఉంటున్నాం సార్" అన్నాడు భర్త.

అలా కొంతకాలం సాఫీగానే గడిచింది. సున్నాగారు స్వయంగా కార్ఖానాకి వచ్చినప్పుడే కోడలికి అనుమానమొచ్చింది. అతను అంతకుముందు ఎప్పుడూ అక్కడికి రాలేదు. అత్తగారు కుర్చీ చూపించారు. కూర్చుని మంచినీళ్ళడిగాడు.

"పెద్దాఫీసు నుంచి పెద్దమేడమ్ వస్తున్నారు" అన్నాడు. "మన పద్ధతి చూడ్డానికి. నచ్చితే అన్ని ఫ్యాక్టరీల్లోనూ పెడతారు."

"మంచిదేగా" అన్నారు అత్తగారు.

"మంచిదే. కానీ ఆవిడ ఫ్యాక్టరీ అంతా తిరిగి చూస్తారు. మా కప్పు కింద గోడౌన్ నిండా సరుకు కనిపిస్తే బాగుండదు. ఆ ఒక్కరోజూ ఖాళీ చేసి ఉంచితే..."

"సరుకు మాది కదా బాబూ?"

"మీదేనమ్మా."

"అద్దె మేమే కడుతున్నాం కదా?"

"మీరే."

"మరి మీకెందుకు మొహమాటం?"

సున్నాగారు నీళ్ళు నమిలాడు.  ఈ మనిషి తన పైవాళ్ళకి సున్నా ఇస్తానని మాటిచ్చి, ఇచ్చి, ఆ తర్వాత ప్రతిరోజూ దాన్ని నిలబెట్టుకోలేక చస్తున్నాడని కోడలికి అర్థమైంది. జాలి వేసింది. జాలి పడడం తన పని కాదని కూడా అనిపించింది.

"ఆ రోజంతా తెల్లవే బిగిస్తారా సార్?" అని అడిగింది.

"తెల్లవే. వాటికి సరిపడా పొద్దున్నే హాల్లో దింపేయండి. మిగతాది ఆ పూటకి ఎక్కడైనా దాచండి. మీలో ఒకరు వచ్చి మేడమ్ ఎదుట నిలబడితే బాగుంటుంది. భాగస్వాములన్నట్టుగా."

దాచడానికి చోటు లేకనే కదా గోడౌన్ తీసుకుంది. ముగ్గురి సరుకూ వ్యాన్లకెత్తి, సాయంత్రందాకా ఊళ్ళో తిప్పుకు రావడమే మేలని తేల్చారు. రోడ్డు మీద ఆపితే పోలీసులు, ఇంట్లో దించితే మళ్ళీ ఎత్తాలి. తిరుగుతూ ఉంటే ఎవరూ అడగరు. అత్తగారికి మోకాళ్ళు సహకరించవు గనక భాగస్వామిగా నిలబడే పని కోడలికి పడింది.

పెద్దమేడమ్ జుట్టు నెరిసిన మనిషి, తక్కువగా మాట్లాడే రకం. హాలంతా తిరిగింది. తెల్ల ఫ్రిజ్‌లు ఒకదాని వెనక ఒకటి కదిలిపోతున్నాయి. సున్నాగారు పక్కనే నడుస్తూ ఒక్కొక్క సున్నా వివరించాడు. ఆవిడ వింటూ వింటూ ఆగింది.

"అంటే ఏ రంగు కావాలన్నా అప్పటికప్పుడు వస్తుందా?"

"అప్పటికప్పుడే మేడమ్."

"అయితే ఒక ఎర్ర ఫ్రిజ్ చేయించండి. చూద్దాం."

సున్నాగారి మొహంలో రంగు మారింది. కోడలి వైపు చూశాడు. ఆమె పక్కకి వెళ్ళి భర్తకి ఫోను చేసింది.

"ఎక్కడున్నారండీ?"

"వంతెన మీద. ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందట, ఏదీ కదలడం లేదు. నా ముందు హ్యాండిళ్ళాయన, వెనక బల్బులాయన. ఫ్రిజ్ మొత్తం ఇక్కడే ఉంది, డబ్బా తప్ప."

"ఎర్రవి కావాలట."

"ఎప్పటికి?"

"ఇప్పటికి."

 ఫోనులో హారన్లు వినబడ్డాయి.

ఎర్ర తలుపుతో డబ్బా ఒకటి వరసలోకి వచ్చింది. రబ్బరు బిగించే మనిషి చేతులు చాపి, చాపినవాటిని ఏం చేయాలో తెలియక నడుము మీద పెట్టుకున్నాడు. వరస ఆగింది. ఆ హాల్లో అంత నిశ్శబ్దం అక్కడివాళ్ళు ఎప్పుడూ విని ఉండరు. పైన ఫ్యాన్ల చప్పుడు కూడా వినిపించింది.

"రబ్బరు రాలేదు" అన్నాడు ఎవరో.

"రబ్బరు ఇచ్చేది ఎవరు?" అంది పెద్దమేడమ్.

కోడలు ముందుకొచ్చింది. సున్నాగారు ఆమెనే చూస్తున్నాడు. వ్యాన్ చెడిపోయిందని అనొచ్చు. రోడ్డు మూసుకుపోయిందని అనొచ్చు, అది నిజం కూడా. ఏమని చెప్పినా తప్పు తమ ఇంటి మీదికే వస్తుంది. అత్తగారి గదిలో, ఆ మంచం చుట్టూ వేలాడిన రంగులన్నీ ఆమెకి ఒక్కసారి కళ్ళముందు కదిలాయి. 

"నిన్నటిదాకా ఈ గోడ అవతలే ఉన్నాయండీ. మీరు వస్తున్నారని ఇవాళ ఊరు చూడ్డానికి వెళ్ళాయి."

ఎవరూ నవ్వలేదు. పెద్దమేడమ్ తలుపు వైపు చూపించింది. కోడలు తన సంచీలోంచి తాళంచెవి తీయబోయి, తమ తాళం గోడౌన్ వైపున ఉందని గుర్తొచ్చి, అందరినీ వెంటబెట్టుకుని ముందు గేటులోంచి బయటికి నడిచి, ప్రహరీ చుట్టూ తిప్పి, వెనక గేటులోంచి గోడౌన్‌కి తీసుకెళ్ళింది. ఎండగా ఉంది. 

పెద్దమేడమ్ అరల మీది అక్షరాలు చదివింది. "ఇది మన గోడౌనేగా?"

"మీదే. అద్దెకిచ్చారు" అంది కోడలు.

"ఎవరికి?"

"మాకు."

"ఇందులో ఏం పెడతారు?"

"మీ సరుకు. అంటే మీరు తీసుకునేదాకా మా సరుకు."

"తీసుకున్నాక?"

"ఫ్రిజ్ అండీ."

ఆవిడ కుర్చీ తెప్పించుకుని ఆ ఖాళీ గోడౌన్ మధ్యలో కూర్చుంది. సున్నాగారు నిలబడే ఉన్నాడు. ఆవిడ అతన్ని ఏమీ అనలేదు. రంగు ఎందుకు మార్చలేరని కోడల్ని అడిగింది, ఆమె ఎర్ర చారల సంగతి చెప్పింది.  చివరికి వ్యాన్లు వచ్చాయి. భర్త పరుగున ఒక ఎర్ర రబ్బరు పట్టుకొచ్చాడు. వరస కదిలింది. పెద్దమేడమ్ ఎర్ర ఫ్రిజ్ తలుపు ఒకసారి తెరిచి, వేసి, కారెక్కి వెళ్ళిపోయింది.

జరిగిందంతా విని అత్తగారు తల పంకించారు. "నువ్వు చెప్పింది నిజమే. చెప్పేముందు నన్నో మాట అడగాల్సింది."

"అడిగితే ఏమనేవారు?"

"వద్దనేదాన్ని" అన్నారు అత్తగారు. "అందుకే నువ్వు అడగలేదులే."

తర్వాత కొన్నాళ్ళు ఫోను మోగలేదు. భర్త దాన్ని ఊరికే తీసి చూసి పెట్టేవాడు. యంత్రం చల్లబడింది. పనివాళ్ళు ఊడ్చిన నేలనే మళ్ళీ ఊడ్చారు.  తను నోరు విప్పినందుకు కాదు, విప్పినప్పుడు కాస్త హాయిగా అనిపించినందుకు కోడలికి భయమేసింది. ఇంతమంది పొట్ట మీద కొట్టి మరీ పొందదగిన సుఖమా అది అని తనలో తాను నలిగిపోయింది.

సున్నాగారే వచ్చాడు. ఈసారి మంచినీళ్ళు అడక్కముందే ఇచ్చారు.

పెద్దాఫీసు ఆలోచించి రెండు సంగతులు తేల్చిందని చెప్పాడు. ఇకనుంచి ఏ రంగు ఎప్పుడు కావాలో వారం ముందే చెబుతారు, చెప్పాక మార్చరు. అది మంచి కబురు. రెండోది, రబ్బరు కోసం ఒక్కరినే నమ్ముకోవడం ప్రమాదమని తేలింది గనక సగం ఆర్డరు వేరే ఊరివాళ్ళకి ఇస్తారు.

"గోడౌనో?" అన్నారు అత్తగారు.

"అది అలాగే ఉంటుందమ్మా. అద్దె కూడా."

"మరి మీరు?"

"నన్ను శిక్షణ విభాగానికి మార్చారు. సున్నా నిల్వ ఎలా చేయాలో మిగతా ఫ్యాక్టరీలవాళ్ళకి నేర్పాలి."

అతని మొహంలో నవ్వు ఉందా లేదా అని కోడలు వెతికింది. లేదు. "మీకు నామీద కోపం లేదా సార్?" అంది.

"ఆ రోజు చాలా వచ్చింది మేడమ్. ఇంటికెళ్ళి పడుకున్నాను. ఫోను పక్కన పెట్టుకోవడం మర్చిపోయి పడుకున్నాను." అతను లేచాడు. "తెల్లారేదాకా మెలకువ రాలేదు."

సగం ఆర్డరు పోవడమంటే మాటలు కాదు. ఇద్దరు పనివాళ్ళని వేరే చోట చేర్పించాల్సి వచ్చింది. వాళ్ళలో ఒకాయన మామగారి కాలంనుంచీ ఉన్నాడు. అత్తగారు కుర్చీలోంచి లేచి ఆయన్ని గుమ్మందాకా సాగనంపి వచ్చారు. యంత్రం ఖాళీగా ఉన్న రోజుల్లో కోడలు కిటికీ అద్దాల అంచులకి వేసే రబ్బరు పట్టీ తీయడం మొదలుపెట్టింది. దాన్ని చుట్టలు చుట్టొచ్చు, మడత బాధ లేదు. భర్త దుకాణాలకి తిరిగి అమ్మాడు. దుకాణాలవాళ్ళు చుట్టలు కొని తమ గోడలకి తగిలించుకున్నారు. అది చూసి అతనికి మహా ముచ్చటేసింది. ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పాడు, వాళ్ళ గోడలకే తగిలించుకున్నారని.

కొత్త ఆఫీసరు చేరిన కొన్నాళ్ళకి వారం మధ్యలో ఫోను చేశాడు. చలాకీ గొంతు.

"మేడమ్, బూడిదరంగు బదులు ఎర్రవి పంపించేయండి, రేపటికి."

"వచ్చే వారం ఇస్తాం సార్."

"వచ్చే వారమా?"

"యంత్రంలో బూడిదరంగు ఉందండీ. ఒకసారి చెప్పాక ఇంక మార్చబోమన్నారు కదా."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. 

"సరే" అన్నాడు.

ఆమె ఫోను చెవి దగ్గరే ఉంచుకుని ఇంకేమైనా అంటాడేమోనని చూసింది. పెట్టేశాడు.

"ఏమన్నాడు?" అన్నారు అత్తగారు.

"సరే అన్నాడు."

"అంతేనా?"

"అంతే."

అత్తగారు ఇంకేదో అడగబోయారు గానీ లోపలినుంచి పనివాడు కేకేశాడు. రబ్బరు మధ్యలో దూర్చే అయస్కాంతపు పట్టీ అయిపోవచ్చిందట. కోడలు వెంటనే ఆ పట్టీ చేసి ఇచ్చే ముసలాయనకి ఫోను చేసింది.

"బాబాయ్‌గారూ, పట్టీ అయిపోయింది. మధ్యాహ్నానికల్లా కావాలి."

"మధ్యాహ్నానికా?" అన్నాడాయన. "ఇంట్లో కాస్త ఉందిలే తల్లీ. నా మంచం కింద. వంగి తీయాలి, మనవడు బడినుంచి వచ్చాక తీయిస్తాను."

కోడలు గుమ్మం పక్కన కుర్చీ వైపు చూసింది. అత్తగారు మోకాలు రాసుకుంటూ ఆమెనే చూస్తున్నారు.

"వద్దులెండి" అంది. "రేపు నేనే వచ్చి తీసుకుంటాను. ఇవాళ కిటికీల పట్టీ నడిపించుకుంటాం."